మొదటి కిలోమీటరులో ఎవరినీ దాటకు

తమ్ముడూ,

రేసుకి పేరిచ్చావని తెలిసి చాలా సంతోషం వేసింది. 58 ఏళ్లకి మొదటి 5కె, అంటే అయిదు కిలోమీటర్ల పరుగు, మామూలు విషయం కాదు. పదేళ్లకి పైగా ఇలాంటి రేసుల్లో పరిగెడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను: మన వయసువాళ్లకి రేసు పాడయ్యేది చివర్లో కాదు, మొదటి కిలోమీటరులోనే.

స్టార్ట్ అనగానే కుర్రాళ్లు ఒక్కసారిగా దూసుకుపోతారు, చుట్టూ అరుపులు, చప్పట్లు. నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుని ఉంటాం కాబట్టి కాళ్లు తేలిగ్గా ఉంటాయి. మనకి తెలియకుండానే ప్రాక్టీసులో ఏనాడూ పరిగెత్తని స్పీడు అందుకుంటాం. 61 ఏళ్లప్పుడు నాకు అదే జరిగింది. ఇంకా కిలోమీటరు కూడా కాలేదు, ఎడమ పిక్క మీద వెనకనుంచి ఎవరో రాయి విసిరినట్టు ఠపీమని తగిలింది. నిజంగానే ఎవరో కొట్టారనుకుని వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. పిక్క కండరం చిరిగింది. రోడ్డు పక్కన కూర్చుని బూటు విప్పుకుంటుంటే అందరూ నన్ను దాటిపోయారు, మళ్లీ పరిగెత్తడానికి ఆరు వారాలు పట్టింది. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

అందుకే స్టార్ట్ లైన్ దగ్గర వెనక వరసలో నిలబడు. టైమింగ్ చిప్ ఇస్తే, చాలా రేసుల్లో నువ్వు లైన్ దాటినప్పటి నుంచి నీ సొంత టైమ్ కూడా లెక్కిస్తారు కాబట్టి వెనక ఉన్నా నష్టం లేదు. మొదటి కిలోమీటరంతా పక్కవాడితో చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగే స్పీడులోనే వెళ్లు. మాట తెగిపోతోందంటే తగ్గించు, సిగ్గుపడకు. వాచీలో గుండె వేగం చూసి టెన్షన్ పడొద్దు. 220లోంచి వయసు తీసేసే లెక్క ఉత్త అంచనా, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. పైగా కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అప్పుడు ఆ అంకె చూసి ఏమీ తేల్చలేం. పేరిచ్చేశావు కదా, ఇప్పటికైనా ఒకసారి డాక్టరుకి చూపించుకో, ఇది మాత్రం వాయిదా వేయకు. పరిగెడుతుండగా ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి సాయం అడుగు. రేసు మళ్లీ ఉంటుంది. ముందుజాగ్రత్త అంటూ నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం కూడా వద్దు, కిడ్నీల మీద భారం పడుతుంది, ఆగమని చెప్పాల్సిన నొప్పి కూడా తెలియదు.

ప్రాక్టీసులో ఒక సంగతి చాలామందికి తెలియదు. కొన్ని వారాలకే ఆయాసం తగ్గిపోతుంది, కానీ మడమ పైన తాడులా ఉండే స్నాయువు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని దూరం పెంచేస్తే దెబ్బ అక్కడే తగులుతుంది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒక్క కాలి మీద నెమ్మదిగా మడమ కిందికి దించు. కాలికి పదిహేనేసి చొప్పున మూడు సార్లు. రైలింగ్ పట్టుకునే చెయ్యి. పిక్క దెబ్బ తర్వాత నేను దీన్ని మానలేదు.

మిగతా రోజుల్లో ఎక్కువ భాగం నెమ్మదిగానే పరిగెత్తు. కెనడాకి చెందిన ఎడ్ విట్లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, మారథాన్‌ని 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశారు. ఆయన ప్రాక్టీసంతా దాదాపు ఇంటి దగ్గరి శ్మశానంలో గంటల తరబడి నింపాదిగా పరిగెత్తడమే. మనం ఆయనంత కానక్కర్లేదు, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

రేసు రోజు కొత్త బూట్లు వద్దు. పావుగంట ముందే వార్మప్ మొదలుపెట్టు, ముందు నడక, తర్వాత నెమ్మది పరుగు, చివర్లో ఇరవై సెకన్లేసి మూడు నాలుగు చురుకైన పరుగులు. కుర్రాళ్లు నేరుగా వచ్చి నిలబడతారు, మన కండరాలు వేడెక్కడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది.

నాలుగో కిలోమీటరు దాటాక ఓపిక మిగిలుంటే అప్పుడు స్పీడు పెంచు. మొదట్లో నిన్ను దాటిపోయినవాళ్లలో కొందరు అక్కడ నడుస్తూ కనిపిస్తారు. ఫినిష్ లైన్ దాటగానే టక్కున ఆగకు, రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి, పది నిమిషాలు నడుస్తూనే ఉండు. వయసు గ్రూపుల ఫలితాలు కూడా చూసుకో. గ్రూపులు అయిదేళ్లకొకటి ఉంటే, ఇంకో రెండేళ్లలో 60ల గ్రూపులో నువ్వే చిన్నవాడివి!

ఇంటికి వెళ్లాక ఫోన్ చెయ్యి. మొత్తం టైమ్ తర్వాత, ముందు మొదటి కిలోమీటరు ఎంతలో చేశావో చెప్పు.

మీ అన్నయ్య