పత్రికని వెబ్‌లోకి తెస్తున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి,

దీవెనలు. మీ సాహిత్య పత్రికని వెబ్‌లో పెట్టే పని నీ నెత్తిన వేసుకున్నావని అక్కయ్య ఫోన్లో చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాను. "హెచ్‌టీఎంఎల్ ఇంకెన్నాళ్లుంటుంది మామయ్యా? ట్యాగులన్నీ ఏఐ పెట్టేస్తుంటే నేను నేర్చుకోవడం దండగ కదా?" అన్నావు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్, అందులో ఏ ముక్క ఏమిటో చెప్పే గుర్తులు ట్యాగులు. మొదటిదానికి జవాబు చిన్నదే: నీ పత్రిక ఉన్నంతకాలం ఉంటుంది. రెండోదాని కోసమే ఇంత ఉత్తరం.

హెచ్‌టీఎంఎల్ పని అయిపోయిందన్న మాట నాకు కొత్త కాదు. 1998లో ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో ట్యాగుల పద్ధతి వచ్చినప్పుడూ అన్నారు. 2000లో హెచ్‌టీఎంఎల్‌ని ఆ ఎక్స్‌ఎంఎల్ కట్టుబాట్లలో పెట్టిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. దాన్ని అసలు నియమం ప్రకారం నడిపితే ఒక్క ట్యాగు మూయడం మర్చిపోయినా పేజీ బదులు ఎర్రర్ వస్తుంది. మనుషులు రాసే పేజీలు అంత మడిగా ఉంటాయా? దాని రెండో వెర్షనైతే పాత పేజీలతో పొసగనే లేదు. 2009లో వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ ఆ పని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఈలోగా 2004లోనే బ్రౌజర్లు చేసే యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు విడిగా కూర్చుని, పాత పేజీలు చెడకుండా హెచ్‌టీఎంఎల్‌నే పెంచుకుపోదామన్నారు. అదే నిలిచింది. 2019లో డబ్ల్యూ3సీ కూడా వాళ్లతో ఒప్పందానికి వచ్చింది. సెర్న్ పరిశోధనశాలలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ పెట్టిన తొలి వెబ్‌సైటు నకలు ఇవాళ నీ ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. అదే కాలం నాటి పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫైలు తెరవాలంటే పాత కంప్యూటర్ ఎవరింట్లో ఉందో వాకబు చెయ్యాలి.

మీకు వచ్చే అసలు తలనొప్పి అక్కడే. పాత సంచికలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయన్నావు. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదమ్మా, ఇంగ్లిష్ అక్షరాలకి కేటాయించిన చోట్లలో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఫాంటు మార్చగానే పిచ్చి గీతలైపోతాయి. ఏ ఫాంటులోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. ఒత్తుల దగ్గర తడబడతాయి కాబట్టి ప్రూఫ్ ఎలాగూ చూడాల్సిందే. "హార్డ్‌వేర్" లాంటి మాటల్లో డకారానికి వకారం ఒత్తుగా అతుక్కోకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, అది ఎగిరిపోయిందేమో కూడా చూసుకో.

అక్షరాలు దక్కినా ఇంకో నష్టం మిగిలే ఉంటుంది. డీటీపీ చేసినాయన శీర్షికని పెద్ద సైజులో, రచయిత పేరుని బోల్డులో పెట్టాడు. కాగితం మీద కన్ను గ్రహించింది. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చేసరికి అన్నీ ఒకే వరసలో పడుంటాయి, ఏది శీర్షికో ఏది కవి పేరో ఎక్కడా రాసి ఉండదు. ట్యాగు చేసే పని అదే. ఎలా కనపడాలో కాదు, ఇది ఫలానా అని చెప్పడం.

నీకు రోజూ ఎదురయ్యేది చెబుతాను. ఒక మాటని నొక్కి చెప్పడానికి ఇంగ్లిష్‌వాళ్లు ఇటాలిక్ వాడతారు. మన లిపికి ఆ అలవాటు లేదు. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు కాబట్టి బ్రౌజరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. "ఇది నొక్కిన మాట" అని ట్యాగు పెట్టి ఉంటే, తెలుగులో మాత్రం వంచొద్దు, రంగు మార్చమని, పేజీ రూపం చెప్పే స్టైల్ ఫైల్లో ఒక్క నియమం రాస్తే చాలు, సైటంతా మారిపోతుంది. వరసల మధ్య ఎడం కూడా అక్కడే పెంచుకోవచ్చు, ఇంగ్లిష్ కొలత మన ఒత్తులకి సరిపోదు.

ఇక పద్యం. దీని మీద ఎంత టైమ్ పెట్టినా దండగ కాదు. ట్యాగుల బదులు తేలిక గుర్తులతో రాసే మార్క్‌డౌన్‌లో రాస్తానన్నావు, మంచిదే. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చినప్పుడు దాని నియమం ఏమిటంటే, పంక్తి విరగాలంటే చివర రెండు ఖాళీలు వదలాలి. కొన్ని ఎడిటర్లు ఫైలు సేవ్ చేసేటప్పుడు చివరి ఖాళీలు చెరిపేస్తాయి. అంతే, కంద పద్యం కాస్తా వచనమైపోతుంది! అది చాలదన్నట్టు సీసపద్యం పాదం ఫోన్ తెరలో పట్టదు. సగంలో విరిగితే అక్కడ ఆపింది కవో, ఫోనో చదివేవాడికి తెలీదు. అందుకని పద్యాల వరకూ మార్క్‌డౌన్ వదిలేసి, పద్యం మొత్తాన్ని ఒక ట్యాగులో, ఒక్కో పాదాన్ని విడిగా ఇంకో ట్యాగులో పెట్టు. పాదం ఫోన్లో విరిగినా మిగిలిన ముక్క కాస్త లోపలికి జరిగేలా స్టైల్ రాయొచ్చు. సీసం చివర వచ్చే ఎత్తుగీతిని విడిగా గుర్తుపట్టేలా దాని ట్యాగులో వేరే పేరు పెట్టుకో. పరిశోధకులు వాడే టీఈఐ పద్ధతిలో పద్యానికీ పాదానికీ వేర్వేరు ట్యాగులే ఉన్నాయి. మీ పత్రికకి అంత అక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు నీ ఏఐ సంగతి. ట్యాగులు పెడుతుంది, నిజమే. ముందు నువ్వొక పేజీ చేసి చూపించి మిగతావి దానికే ఇవ్వు. నా టెన్షన్ వేరే. పాత ముద్రణలోని అరసున్నా, బండి ఱ దానికి తప్పుల్లా కనపడొచ్చు. అడక్కుండానే దిద్దేస్తే నీకు తెలియను కూడా తెలీదు. అది ఇచ్చిన పేజీలోంచి ట్యాగులన్నీ తీసేసి, మిగిలిన పాఠాన్ని ప్రూఫ్ చూసిన ప్రతితో పోల్చే చిన్న ప్రోగ్రాం రాయించు. తేడా వస్తే ఆ పేజీ వెనక్కి. ఫలానా నాలుగు పంక్తులు వ్యాసకర్త సొంతమా, వేరే కవి నుంచి ఉదహరించినవా అన్న నిర్ణయం మాత్రం సంపాదకులదే. అది తేల్చడానికే నిన్ను ట్యాగులు నేర్చుకోమంటున్నాను.

ముందుముందు ట్యాగులు చేత్తో రాసేవాళ్లు తగ్గుతారు, వాటిని చదివే యంత్రాలు పెరుగుతాయి. చూపులేని పాఠకుడు ఫోన్ చేత చదివించుకుంటూ శీర్షిక నుంచి శీర్షికకి దూకుతాడు. శీర్షిక ట్యాగు లేని పేజీలో అతనికి ఆ దారి మూసుకుపోయినట్టే. పేజీ కోడ్ మొదట్లోనే భాష తెలుగు అని రాయి. ఉత్త ఫొటోలుగా పెట్టిన పేజీల మీద నాకు కోపమే, వాటిలో ఒక్క మాట వెతకలేం. డిజైనర్ అప్పగించాక పేజీ వెనకున్న కోడ్ చూపించే వ్యూ సోర్స్ నొక్కి చూడు. కథ అక్కడ అక్షరాలుగా కనపడకపోతే, జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం నడిచాక గానీ రాదంటే, ఒప్పుకోకు.

మూల ప్రతి ఒక్కటే ఉంచు. పాండాక్ లాంటి ఉచిత సాధనంతో అందులోంచే వెబ్ పేజీ, ఈ-పుస్తకాల ఫైలైన ఈపబ్ రెండూ తీయొచ్చు. ఈపబ్ లోపల ఉండేది ఎక్స్‌హెచ్‌టీఎంఎలే, చచ్చిపోయిందన్నది అక్కడ బతికే ఉంది. అక్కడ మడి తప్పదు, తప్పులు పట్టే ఈపబ్‌చెక్ సాధనంతో సరిచూసుకో.

ముందు ఒక్క సంచికే చెయ్యి, పద్యం, కథ, సమీక్ష మూడూ ఉన్నది. నాకు లింకుతో పాటు మూలం ఫైలు కూడా పంపు. అన్నట్టు, డొమైన్, అంటే సైటు చిరునామా, పత్రిక పేరు మీద కొనండి, సైటు చేసే కుర్రాడి మెయిల్ మీద కాదు.

ఆశీస్సులతో,
మామయ్య