సీరియల్ పోర్ట్ చదువుతూ ప్రోగ్రామ్ ఆగిపోకుండా ఉండాలంటే

ఎంబెడెడ్ లినక్స్ బోర్డుకు యూఆర్ట్ (డేటాను ఒక్కో బిట్‌గా పంపే సీరియల్ పోర్ట్, UART) మీద సెన్సర్ తగిలించారు. సెన్సర్ డేటా పంపడం ఆపేస్తే రీడ్ (పోర్ట్ నుంచి డేటా చదివే కాల్) దగ్గరే ప్రోగ్రామ్ నిలిచిపోయి, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ పలుకుతోందో లేదో కనిపెట్టే టైమర్) బోర్డును రీబూట్ చేస్తోంది. ఓ_నాన్‌బ్లాక్ (డేటా లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగి రమ్మనే ఫ్లాగ్, O_NONBLOCK) పెడితే ఆగడం మానేసింది కానీ సీపీయూ వంద శాతానికి చేరింది. మీ ప్రశ్న ఇదే కదా.

ఆ ఫ్లాగ్ తీసేయకండి. దాని పక్కన పోల్ (poll అనే సిస్టమ్ కాల్) లేకపోవడమే అసలు సమస్య.

సరిగ్గా ఇలాంటి బోర్డు మీదే నేనూ పనిచేశాను. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపే టూల్) పెట్టి చూస్తే రీడ్, మైనస్ 1, ఈఅగైన్ (ఇప్పుడు డేటా లేదు, మళ్లీ అడుగు అనే ఎర్రర్); మళ్లీ రీడ్, మళ్లీ ఈఅగైన్. స్క్రీన్ నిండా అవే లైన్లు పరిగెడుతుంటే ఎక్కడో ఒకచోట నాలుగు బైట్లు కనిపించేవి. 115200 బాడ్ (సెకనుకు ఇన్ని బిట్లు) వేగంలో స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైట్‌కు 10 బిట్లు, అంటే ఒక్కో బైట్‌కు దాదాపు 87 మైక్రోసెకన్లు. ప్రాసెసర్‌కు అది చాలా పెద్ద విరామం. అంతసేపూ ఖాళీ పోర్ట్‌ను అడుగుతూ కూర్చోకుండా, డేటా వస్తే లేపమని కెర్నల్‌కు చెప్పి ప్రోగ్రామ్‌ను నిద్రపోనివ్వాలి. పోల్ చేసేది అదే. లూప్‌లో యూస్లీప్ (ప్రోగ్రామ్‌ను కొద్దిసేపు ఆపే ఫంక్షన్) పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దాంతో సీపీయూ తగ్గుతుంది గానీ ప్రతి జవాబూ ఆలస్యమవుతుంది, నాకది నచ్చదు.

పోర్ట్ తెరిచేటప్పుడే ఓ_నాన్‌బ్లాక్, ఓ_నోసీటీటీవై (ఈ పోర్ట్ ప్రోగ్రామ్‌కు కంట్రోలింగ్ టెర్మినల్ కాకుండా చూసే ఫ్లాగ్) రెండూ ఇవ్వండి. మూడు వైర్ల కేబుల్‌లో క్యారియర్ సిగ్నల్ (అవతలి పరికరం లైన్‌లో ఉందని చెప్పేది) ఉండదు కాబట్టి, సీలోకల్ (ఆ సిగ్నల్‌ను పట్టించుకోవద్దనే సెట్టింగ్) సెట్ కాకముందు మామూలుగా తెరిస్తే ఓపెన్ దగ్గరే ఇరుక్కుపోవచ్చు. తర్వాత సీఎఫ్‌మేక్‌రా (బైట్లను మార్చకుండా ఇచ్చే రా మోడ్‌లో పోర్ట్‌ను పెట్టే ఫంక్షన్) పిలిచి సీలోకల్, సీరీడ్ (డేటా స్వీకరణను ఆన్ చేసేది) సెట్ చేయండి. రా మోడ్ లేకపోతే న్యూలైన్ వచ్చేదాకా కెర్నల్ డేటా ఇవ్వదు, బైనరీ డేటాలో 13 విలువ ఉన్న బైట్ 10గా మారిపోవచ్చు కూడా.

వీమిన్ (రీడ్ తిరిగి రావడానికి కావాల్సిన కనీస బైట్లు) 1, వీటైమ్ (ఎదురుచూసే సమయం) 0 ఉంచండి. ఇది చాలామంది పట్టించుకోరు. రెండూ 0 చేస్తే డేటా లేనప్పుడు లినక్స్‌లో రీడ్ 0 ఇస్తుంది, పరికరం ఊడిపోయినా 0 ఇస్తుంది. ఏది ఏదో తేల్చలేరు. వీమిన్ 1 అయితే డేటా లేనప్పుడు స్పష్టంగా ఈఅగైన్ వస్తుంది. పోనీ 64 అని పెడదామా అంటే, వీటైమ్ 0 ఉన్నప్పుడు అన్ని బైట్లూ వచ్చేదాకా పోల్ మిమ్మల్ని లేపదు. ఒక్క బైట్ పోయినా ఫ్రేమ్ (సెన్సర్ పంపే ఒక పూర్తి సందేశం) అక్కడే చిక్కుకుంటుంది.

పోల్‌కు 200 మిల్లీసెకన్ల లాంటి టైమ్‌అవుట్ ఇవ్వండి. అది 0 ఇస్తే ఈలోగా ఏమీ రాలేదని అర్థం: వాచ్‌డాగ్‌ను తట్టి, వరుసగా ఎన్నిసార్లు ఇలా జరిగితే సెన్సర్ పోయినట్టో మీరే లెక్కపెట్టుకోండి. పోల్‌ఇన్ (చదవడానికి డేటా ఉందనే సంకేతం) వస్తే ఈఅగైన్ వచ్చేదాకా చదివి, అంతా మీ సొంత బఫర్ చివర చేర్చండి. ఒక రీడ్‌కు ఒక ఫ్రేమ్ వస్తుందని ఎప్పుడూ అనుకోవద్దు. 64 బైట్ల ఫ్రేమ్ వైరు మీద రావడానికే ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోగా మీకు ముక్కలే అందుతాయి. బఫర్‌లో హెడర్ (ఫ్రేమ్ మొదట్లో ఉండే గుర్తు) వెతికి, పొడవు సరిపడా వచ్చాక సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో తేల్చే చెక్ విలువ) చూడండి. తప్పితే బఫర్ మొత్తం పారేయకుండా ఒక్క బైట్ వదిలి మళ్లీ వెతకండి, వెనకే ఉన్న మంచి ఫ్రేమ్ దక్కుతుంది.

పోల్‌హప్ (లైన్ తెగిందనే సంకేతం), పోల్‌ఎర్ (ఎర్రర్ వచ్చిందనే సంకేతం) కూడా చూడాలి. యూఎస్‌బీ సీరియల్ కేబుల్ లాగేస్తే పోల్ ప్రతిసారీ వెంటనే తిరిగొస్తుంది. మీరు పోల్‌ఇన్ ఒక్కటే చూస్తుంటే సీపీయూ మళ్లీ వందకు పోతుంది. అప్పుడు పోర్ట్ మూసి, కాసేపాగి తెరవడమే.

పోర్ట్‌కు డేటా రాసేటప్పుడు రైట్ కాల్ మీరిచ్చిన దాంట్లో సగమే తీసుకోవచ్చు, మిగిలింది దాచుకోండి. పోల్‌అవుట్ (రాయడానికి చోటుందనే సంకేతం) అలా మిగిలినప్పుడే అడగండి, లేదంటే పోల్ అసలు నిద్రపోదు. టీసీడ్రెయిన్ (రాసిందంతా బయటికి వెళ్లేదాకా ఎదురుచూసే ఫంక్షన్) మాత్రం ఓ_నాన్‌బ్లాక్ ఉన్నా ఆగుతుంది, ఈ లూప్‌లో వాడకండి. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలి వైపు సరేనంటేనే డేటా పంపే పద్ధతి) ఉండి అవతలి వైపు పలకకపోతే, క్లోజ్ కూడా మిగిలిన డేటా కోసం డిఫాల్ట్‌గా 30 సెకన్ల దాకా ఎదురుచూడొచ్చు. ఆ డేటా అక్కర్లేదనుకుంటే ముందు టీసీఫ్లష్ (పంపకుండా మిగిలింది పారేసే ఫంక్షన్) చేసి మూయండి.