ముందు ఏ ఇష్యూ చూడాలి?

ప్రశ్న: ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇష్యూలను, అంటే వాడుకరులు రాసే ఫిర్యాదులనూ కోరికలనూ, వడపోసే పని ఒప్పుకున్నాను. నాలుగు వందలకు పైగా పేరుకుపోయాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవి ముందు చూడాలా, పాతవి ముందు చూడాలా? ఆరు నెలలుగా కదలికలేని వాటిని బాట్‌తో (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాముతో) మూయించేయమని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు: ఓట్లనూ వయసునూ కాసేపు పక్కన పెట్టండి. ఆ ఇష్యూ అసలు అందరికీ కనబడేచోట ఉండదగినదేనా అన్నది మొదట తేల్చుకోవాలి. లాగిన్ కాకుండానే ఇతరుల ఫైళ్లు తెరుచుకుంటున్నాయని ఎవరైనా బహిరంగంగా రాస్తే, దానికి లేబుల్ తగిలించి వరుసలో నిలబెట్టకూడదు. వెంటనే ప్రాజెక్టును నడిపే మెయింటెయినర్లకు విడిగా తెలిపి, దానిని కనబడకుండా చేయించి, చర్చను ప్రైవేటు మార్గంలోకి మళ్లించాలి. 2021లో లాగ్‌ఫోర్‌జే అనే, లాగ్‌లు రాసే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకున్నవారు నవంబరు 24న దానిని నిర్వహించే అపాచీ సంస్థకు రహస్యంగానే తెలియజేశారు. అయినా డిసెంబరు 9న దాడి పద్ధతి బయటికి పొక్కగానే ప్రపంచమంతటా సర్వర్ల మీద దాడులు వెల్లువెత్తాయి. ఇక మొదటి రోజు నుంచే బట్టబయలైన లోపం గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఇష్యూ రాసే ఫారంలో "పూర్తి లాగ్ జతచేయండి" అని, అంటే ప్రోగ్రాము తన పనిని నమోదు చేసుకున్న చిట్టాను పెట్టమని, మనమే అడుగుతాము, వాడుకరి చదవకుండానే మొత్తం అతికిస్తాడు, అందులో "ఆథరైజేషన్" అన్న వరుసలో అతని యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్‌లా లోపలికి రానిచ్చే సంకేతం), దాని కిందే డేటాబేస్ పాస్‌వర్డ్ యథాతథంగా ఉంటాయి. తరువాత ఎడిట్ చేసి తీసేశానని నిశ్చింతగా ఉంటారు కానీ, అప్పటికే అది నోటిఫికేషన్ మెయిళ్ల రూపంలో ఎందరికో చేరిపోయి ఉంటుంది, ఎడిట్ చరిత్రలో పాత పాఠం మిగిలి ఉండవచ్చు, ఇటువంటి వాటికోసమే గాలించే ప్రోగ్రాములు కాపీ తీసుకుని ఉండవచ్చు. కనుక ఆ టోకెన్‌ను రద్దు చేయడం ఒక్కటే మందు, ఆ మాట వాడుకరికి అదే గంటలో చెప్పడం మీ పని. ఇటువంటిది రెండోసారి కనబడితే వాడుకరిని తిట్టి లాభం లేదు. రహస్యాలను లాగ్‌లో అచ్చువేస్తున్న ప్రోగ్రాముదే తప్పు కనుక, దాని మీద పై వరుసలో ఒక ఇష్యూ తెరవండి.

ఇక ఓట్ల సంగతి. డార్క్ మోడ్ కావాలన్న కోరికకు వందల ఓట్లు పడతాయి, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు చివరి వరుస చడీచప్పుడు లేకుండా మాయమవుతోందన్న ఫిర్యాదుకు రెండు కూడా పడవు. ఎందుకంటే డేటా పోయినవారిలో చాలామందికి పోయిన సంగతే తెలియదు. తీవ్రత వేరు, ప్రాధాన్యం వేరు. అరుదుగా వచ్చే క్రాష్ తీవ్రమైనదే కానీ వేచి ఉండగలదు. ఇన్‌స్టాలేషన్ సూచనలో ఒక్క అక్షరం తప్పు పడితే తీవ్రత స్వల్పమే అయినా, కొత్తగా వచ్చే ప్రతివారూ అక్కడే ఆగిపోతారు కనుక ఈరోజే దిద్దాలి. గత వెర్షన్‌లో పనిచేసి ఇప్పుడు చెడినదాన్ని కూడా పైకి తీసుకురండి: వెతకవలసిన హద్దు తెలిసిపోయింది కనుక, మధ్యలో వెయ్యి కమిట్లు (కోడ్ మార్పులు) ఉన్నా, ప్రతిసారీ సగం తీసేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ ఆదేశంతో పది పరీక్షల్లో దోషిని పట్టుకోవచ్చు.

ఒకే లోపం మీద వచ్చిన డూప్లికేట్లలో పాతది అన్న కారణంతో ఒకదాన్ని ఉంచకండి. లోపాన్ని మళ్లీ రప్పించే అడుగులు స్పష్టంగా ఉన్నదాన్ని ఉంచి, మిగిలినవాటిని దానికి ముడిపెట్టండి.

బాట్ సలహా ఇచ్చినవారితో నేను ఏకీభవించను. ఒక వ్యక్తి శ్రమపడి నమూనా ఫైలుతో సహా లోపాన్ని నిరూపించి పంపితే, మనం ఆరు నెలలు పలకకుండా ఉండి, చివరికి "కదలిక లేనందున మూసివేస్తున్నాము" అని యంత్రంతో చెప్పించడం అమర్యాద, పైగా లోపం అక్కడే ఉంటుంది కనుక అదే ఇష్యూ కొత్త సంఖ్యతో తిరిగి వస్తుంది. జాబితా పొట్టిగా కనబడాలన్న ఆత్రం తప్ప ఇందులో నాకు వేరే ప్రయోజనం కనిపించదు. బాట్ తప్పనిసరి అనుకుంటే, మీరు వివరం అడిగినా వాడుకరి జవాబివ్వని ఇష్యూలకే దానిని పరిమితం చేయండి. ప్రాజెక్టు వైపు నుంచే సమాధానం బాకీ ఉన్నవాటి జోలికి దానిని పోనివ్వకండి.