అమ్మీ, ఫైటర్ చేప పిల్లలకు గుడ్డుసొన పెట్టొద్దు

అమ్మీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు ఫైటర్ చేపల జత తెచ్చి కలిపినావంట, మగది నురగ గూడు కట్టి ఒక్కో గుడ్డును నోట కరుచుకోని గూట్లో అంటిస్తాండాదంట, పిల్లలు లేస్తే అన్నిటినీ నేనే సాకుతా అని నువ్వు తొట్టి ముందే కూర్చున్నావంట. వినంగానే ఎంత సంతోషమైందో చెప్పలేను. మన ఇంట్లో ఈ చేపల పిచ్చి నాతోనే ఆఖరు అనుకున్నా. గప్పీలు పెంచడం వేరు, ఫైటర్ పిల్లల్ని పెద్ద చేయడం వేరు, దీనికి ఓపిక కావాల. అది నీకు ఉండాది. చిన్నప్పుడు చీమల బారు పక్కన గంటలు గంటలు కూర్చునేదానివి, మీ జేజి అన్నానికి పిలిచి పిలిచి అలిసిపోయేది.

అంతా చెప్పి ఫోన్ పెట్టేముందు మీ అమ్మ ఇంకో మాట అనింది, "పిల్లలకు ఉడికిన గుడ్డు పచ్చసొన పెడతాదంట బావా, వీడియోలో చూసిందంట" అని. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చోని ఇది టైప్ చేస్తాండా. పొడుగైతాది, తీరిగ్గా చివరిదాకా చదువు.

మేత కంటే ముందు ప్లగ్గు సంగతి. ఎయిర్ పంప్ వైరు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టి ఆ బాక్స్‌ను తొట్టి పక్కన నేల మీదే పెట్టినావంట కదా. ఈ లేఖ చదవడం ఆపి ముందు దాన్ని తీసి గోడకు ఎత్తులో తగిలించు. వైరు ప్లగ్గులోకి పొయ్యేముందు కిందికి ఒక వంపు వేలాడాల, అప్పుడు వైరు వెంబడి కారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడతాయి, ప్లగ్గులోకి పోవు. పంపు కూడా నీళ్ల మట్టం కంటే పైన ఉండాల, లేకుంటే కరెంటు పోయినప్పుడు ట్యూబులో నుంచి నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. తొట్టిలో చెయ్యి పెట్టే ప్రతిసారీ స్విచ్ ఆపు. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకున్నావని ఇంకోసారి నా చెవిన పడితే ఆ తొట్టి అనంతపురం తెచ్చేసుకుంటా, నువ్వు ఏడ్చినా ఇయ్యను. చేపలు పోతే ఇంకో జత తెచ్చుకోవచ్చు.

ఆడదాన్ని తీసేసినావా? గుడ్లు పెట్టినాక అది ఉండకూడదు, మగది దాన్ని కొరికి పెడతాది. మగదాన్ని మాత్రం పిల్లలు ఈదేదాకా ఉండనియ్యి. తొట్టి మీద మూత ఉంచు, ఫైటర్ పిల్లలకు కొన్ని వారాలకు గాలి పీల్చుకునే అవయవం తయారైతాది, నీళ్ల మీది గాలి వెచ్చగా తేమగా ఉండాల.

ఇప్పుడు మేత. గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడానికి ఒకటి రెండు రోజులు పడతాది. వచ్చినాక అది ఈదదు, తోక కిందికి పెట్టి గూటికి వేలాడుతాది, జారితే నాయన నోట్లో పెట్టుకోని మళ్లీ పైన అంటిస్తాడు. ఆ రెండు మూడు రోజులు దాని కడుపు కిందనే సొన సంచి ఉంటాది, దాన్నే తిని బతుకుతాది. అప్పుడు నువ్వు ఏమీ వేయొద్దు. పాపం ఆకలేమో అని నీకు చెయ్యి ఆడదు, నాకు తెలుసు. అయినా వేయొద్దు. పిల్లలు అడ్డంగా, సమంగా ఈదడం మొదలుపెట్టిన రోజు మగదాన్ని తీసేసి ఆ రోజు నుంచి మేత పెట్టు. గప్పీ పిల్ల పుట్టంగానే పొడి తింటాది, దీని నోరు అంతకంటే చానా చిన్నది, పొడి ఎంత నలిపినా దానికి లెక్క కాదు, పైగా కదలని దాన్ని అది మేత అనే అనుకోదు.

అందుకే ఇన్‌ఫ్యూజోరియా కావాల, అంటే నిలవ నీళ్లలో పుట్టే, కంటికి సరిగ్గా ఆనని సన్న జీవులు, దాన్ని ఈ రోజే పెట్టు, తయారవడానికి నాలుగైదు రోజులు పడతాది. వెడల్పు మూతి గాజు సీసాలో తొట్టిలోని పాత నీళ్లే పోసి, క్యాబేజీ ఆకు చిన్న ముక్కో అరటితొక్క ముక్కో వెయ్యి, ఎండు కసువు నాలుగు పోచలు వేసినా చాలు, నేను ఎప్పుడూ కసువే వేస్తా. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టు, నేరుగా ఎండలో వద్దు, కడప ఎండకు సీసా ఉడికిపోతాది. మొదట నీళ్లు తెల్లగా మసకబారి వాసన కొడతాది, అది బ్యాక్టీరియా, భయపడి పారబోయొద్దు. తర్వాత మసక తేలి, వాసన తగ్గుతాది. అప్పుడు చీకట్లో సీసా వెనక టార్చి పెట్టి చూడు, సన్న దుమ్ము తనంతట తాను తిరుగుతున్నట్టు కనిపిస్తాది. అదే నీ పిల్లల మొదటి మేత. నడిమిట్లోని తేట నీళ్లు సూది లేని సిరంజితో తీసి కొన్ని చుక్కలు పిల్లలు గుంపుగా ఉన్న చోట వదులు. రెండు రోజులు ఆగి ఇంకో సీసా కూడా పెట్టుకో, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటాది.

సీసా మూతికి పల్చని పాత నూలు గుడ్డ కట్టు, రబ్బర్ బ్యాండ్ వెయ్యి. ఇది మర్చిపోతే ఊరుకోను. మూత లేని నీళ్లు ఇంట్లో ఉంటే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడతాది, అది ఇంట్లోని నిలవ నీళ్లనే ఎతుక్కుంటాది. ఇంట్లో మీ జేజి ఉండాది, ఈ వయసులో ఆయమ్మకు ఆ జ్వరం వస్తే తట్టుకోలేదు.

చెరువు నీళ్లు తెద్దామని కూడా అనుకోవద్దు. చిన్నప్పుడు నేనూ మీ నాయనా సింగనమల చెరువుకు పోయి గుడ్డతో వడకట్టి నీటి పురుగులు పట్టుకోని వచ్చేవాళ్లం, కాళ్లకు బురద, ఇంటికొస్తే మీ జేజి చేతిలో దెబ్బలు, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటాది. పెద్ద చేపలకు అది అమృతమే. పసి పిల్లల తొట్టిలోకి మాత్రం ఆ నీళ్లతో పాటు తూనీగ పిల్ల వస్తాది, అది నీళ్లలోనే పెరుగుతాది, రాత్రికి రాత్రి పిల్లల్ని పట్టి తినేస్తాది, పొద్దున నీకు ఏమైందో కూడా అర్థం కాదు.

ఇంక గుడ్డుసొన. మీ నాయన నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పిండడు.

నువ్వు పుట్టకముందు, పాతూరి ఇంట్లో ఉన్నప్పుడు మీ నాయన కూడా ఫైటర్ పిల్లలు తీసినాడు. కొత్తగా జీతం వస్తాంది, మొదటిసారి తన డబ్బుతో తొట్టి కొనుక్కున్నాడు, మంచి నీలం మగది. పిల్లలు లేచినాయి, లెక్కపెట్టలేనన్ని. ఇంటికి ఎవరొచ్చినా చెయ్యి పట్టుకోని తీసుకుపోయి చూపించేవాడు. ఎవరో గుడ్డుసొన మంచిదని చెప్పినారు. ఒక గుడ్డు ఉడకబెట్టి, సగం సొన పల్చని గుడ్డలో మూటగట్టి, తొట్టిలో ముంచి పిండినాడు. నీళ్లు పాల మాదిరి తెల్లగా అయినాయి. పిల్లలు ఆ తెలుపులో అటూ ఇటూ తిరుగుతాంటే తింటాండాయి, తింటాండాయి అని మురిసిపోయినాడు. సాయంత్రానికి నీళ్లు మళ్లీ తేటగా కనపడినాయి. అంతా తినేసినాయి, ఇంకా ఆకలేమో అని మిగిలిన సొన కూడా పిండినాడు.

అవి తినలేదమ్మీ. సొన అడుక్కు దిగింది. నడి మే నెల, మేడ మీద గది, రాత్రి కరెంటు పోయింది, పంపు ఆగింది. పొద్దున నేను పోయేసరికి తలుపు దగ్గరే వాసన. నీళ్ల మీద నూనె తెట్టు మాదిరి పొర, అడుగున తెల్లని బూజు, దాని మీద పిల్లలు. ఒక్కటీ కదలలేదు. మీ నాయన ఏమీ మాట్లాడలేదు. తొట్టి ఎత్తి నీళ్లు టెంకాయ చెట్టు పాదులో పోసి, కడిగి, అటక మీద పెట్టినాడు. "నా చెయ్యి మంచిది కాదన్నా" అన్నాడు, అంతే. ఆ తర్వాత చేపల ఊసు ఎత్తలేదు. నువ్వు గప్పీలు తెచ్చినప్పుడు కూడా దూరంగా నిలబడి చూసేవాడే కానీ ఎప్పుడన్నా చిటికెడు మేత వేసినాడా, గుర్తు తెచ్చుకో.

ఆయన చెయ్యికి ఏమీ కాలేదు. మిగిలిన సొన కుళ్లింది, దాన్ని తినే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ లాగేసింది, ఆ కుళ్లులో నుంచి అమోనియా పుట్టింది. వేడి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. ఇంకోటి, మన సీమలో చానా చోట్ల బోరునీళ్లు గట్టి నీళ్లు, కాచిన గిన్నెకు తెల్లగా అట్టకడతాయి చూడు, అట్లాంటి నీళ్లకు పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువ ఉంటాది. పీహెచ్, వేడి రెండూ పెరిగే కొద్దీ అదే అమోనియా ఇంకా విషమైతాది. వేరే ఊర్లో మెత్తటి నీళ్లు, చల్లటి గది ఉన్నవాళ్లు గుడ్డుసొన పెట్టి పిల్లల్ని పెంచి ఉండొచ్చు, వీడియోలో వాళ్లు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, సూది మొనంత వేసి వెంటనే అడుగు శుభ్రం చేస్తే గట్టెక్కుతాది కూడా. మన నీళ్లలో, మన ఎండలో ఆ పని పెట్టుకోవద్దు. ఆకలికి పిల్లలు చావడానికి రెండు మూడు రోజులన్నా పడతాది, ఎక్కువ మేతకు ఒక్క రాత్రి చాలు. అందుకే నీకు ఎప్పుడు అనుమానమొచ్చినా తక్కువే వెయ్యి.

మూడు నాలుగు రోజులు ఇన్‌ఫ్యూజోరియా అయినాక ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే సన్న రొయ్యలాంటివి, వాటి ఎండు గుడ్లు తెచ్చి మనమే పొదిగించుకోవాల. లీటరు నీళ్లకు పాతిక ముప్పై గ్రాముల ఉప్పు, అయోడిన్ లేని కల్లుప్పు, పావు టీస్పూను ఆర్టీమియా గుడ్లు, కింది నుంచి గట్టిగా గాలి, పైన బల్బు వెలుతురు. ఒక రోజుకు, మహా అయితే రోజున్నరకు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగు. గుడ్డు పెంకులు పైకి తేలుతాయి, పొదగనివి అడుగున దిగుతాయి, సీసా కింది భాగంలో ఒక పక్క టార్చి పెడితే ఆరెంజ్ రంగు పిల్లలన్నీ ఆ వెలుగు దగ్గరికి మేఘం మాదిరి చేరుతాయి. సన్న ట్యూబుతో ఆ మేఘాన్నే లాగు, పెంకులు రానీయొద్దు, అవి అరగవు, చిన్న కడుపులో అడ్డం పడతాయి. గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి, అప్పుడు వెయ్యి. పొదిగిన వెంటనే వేస్తేనే బలం, ఆలస్యమయ్యే కొద్దీ వాటి సొన అవే తినేసుకుంటాయి. మొదటి రెండు రోజులు ఇన్‌ఫ్యూజోరియా కూడా వేస్తా ఉండు, గుంపులో చిన్నవి వెనకబడతాయి.

సరిపోయిందో లేదో పిల్ల కడుపే చెప్తాది. వేసిన పదిహేను నిమిషాలకు పక్క నుంచి టార్చి వేసి చూడు, చర్మం లోపల నుంచి కడుపు ఆరెంజ్‌గా, గుండ్రంగా కనపడాల. కనపడితే చాలు, ఇంక చుక్క వేయొద్దు. ఆర్టీమియా ఉప్పునీళ్లవి, మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతాయి, మిగిలినవి చచ్చి కుళ్లుతాయి. కొంచెం కొంచెంగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, వీలైతే నడుమ ఇంకోసారి.

అడుగు శుభ్రం చేయడానికి ఎయిర్ ట్యూబు చాలు, దాని రెండో కొస తెల్ల బేసిన్‌లో పెట్టు. పిల్లలు పొరపాటున లాగబడతాయి, తెలుపు మీద రెండు నల్ల చుక్కలు, కళ్లు, అవే కనపడతాయి, చెంచాతో తీసి వెనక్కి వదలొచ్చు. తీసిన నీళ్లకు బదులు ఒక రోజు నిలవ పెట్టిన నీళ్లు, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నవి, ట్యూబుకు ముడేసి చుక్కచుక్కగా దింపు. ఫిల్టర్ పెడితే స్పాంజ్‌దే, గాలి మెల్లగా.

ఇంత చేసినా అన్నీ బతకవు తల్లీ. కొన్ని మొదటి వారంలోనే పోతాయి, వాటిని తీసెయ్యి, ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే.

నీకు పరీక్షలున్న రోజుల్లో మధ్యాహ్నం మేత మీ నాయనకు అప్పజెప్పు. ఆయన వద్దంటాడు, నా చెయ్యి అని ఏదో అంటాడు. సిరంజిలో ఎన్ని చుక్కలో నువ్వే లాగి పెట్టి చేతికియ్యి, అమోనియా సంగతి నేను చెప్పినానని చెప్పు, ఈ లేఖ చూపించినా పర్వాలేదు.

మీ పెద్దమ్మ ఆదివారం కడపకు వస్తాంది, ఆమె చేతికి నా దగ్గరున్న ఆర్టీమియా డబ్బా పంపిస్తా. అది రాంగానే చెమ్మ తగలకుండా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. ఈ లోపల ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ గోడకు ఎక్కించి నాకు ఫోటో పంపు, ఈ రోజే.

మీ పెద్దనాయన