డాక్టర్ కాకుండా క్యాన్సర్ మందుల రంగంలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బైపీసీ రెండో సంవత్సరం. మా బంధువుల బాబుకు బ్లడ్ క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పటి నుంచి అలాంటి మందులు తయారు చేసే చదువే చదువుతానంటోంది. చుట్టాలేమో నీట్ లాంగ్‌టర్మ్‌కు పంపమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీ అమ్మాయి అడుగుతున్నది డాక్టర్ చదువు కాదండీ. ముందు ఆ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి.

ఆస్పరాజినేజ్ ఒక ఎంజైమ్. మామూలు కణాలు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని చాలావరకు సొంతంగా తయారు చేసుకుంటాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ, రక్తంలో దొరికేదే వాటికి ఆధారం. ఈ మందు రక్తంలోని ఆస్పరాజిన్‌ను విడగొట్టేస్తే అవి తిండి లేక చచ్చిపోతాయి. 1953లో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గినీ పిగ్ సీరంతో (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) ఎలుకల్లో లింఫోమా అనే క్యాన్సర్ గడ్డలు కరగడం చూశారు. అందుకు కారణం ఈ ఎంజైమేనని తర్వాత బ్రూమ్ అనే మరో శాస్త్రవేత్త తేల్చారు. ఆపైన ఇ.కోలై బ్యాక్టీరియా నుంచి దాన్ని తీసి మందుగా మలిచారు. బ్యాక్టీరియా ప్రొటీన్ కాబట్టి కొందరు పిల్లలకు అలర్జీ వస్తుంది. అందుకే పెగ్ అనే పదార్థం జోడించి ఎక్కువ రోజులు పనిచేసే రకం తెచ్చారు. అలర్జీ వచ్చినవాళ్లకు ఎర్వీనియా బ్యాక్టీరియా రకం ఉంది. అయినా పాంక్రియాస్ (క్లోమం) వాపు, రక్తం గడ్డకట్టడం లాంటి ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మీ అమ్మాయి లాంటివాళ్లకు చేయాల్సిన పని అక్కడే ఉంది.

కాబట్టి డాక్టర్ కావాలన్న కోరిక తనకు లేనప్పుడు లాంగ్‌టర్మ్ పేరుతో ఏడాది పోగొట్టొద్దు. నా ఓటు బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీ ఉన్న బీఎస్సీకి. సీట్లు తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా వస్తాయి. తర్వాత ఎమ్మెస్సీకి సీపీగెట్ గానీ ఐఐటీ జామ్ గానీ ప్రవేశ పరీక్ష రాయాలి. మందు తయారీ, నాణ్యత వైపు ఇష్టముంటే ఈఏపీసెట్‌తో బీఫార్మసీ కూడా మంచిదే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఉత్త బీఎస్సీతో హైదరాబాద్ దగ్గర మందులు, బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో దొరికేవి ఎక్కువగా చిన్న ఉద్యోగాలే. పరిశోధన అంటే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ ఖర్చుకు మీ మీద ఆధారపడదు.

కాలేజీలో చేర్చేముందు తండ్రీకూతుళ్లు వెళ్లి ల్యాబ్ చూడండి. సెంట్రిఫ్యూజ్, స్పెక్ట్రోఫోటోమీటర్ లాంటి పరికరాలు ఉన్నాయా, వాటిని పిల్లల చేత వాడిస్తున్నారా అని అక్కడ చదివే సీనియర్లనే అడగండి.