థెల్మా రిట్టర్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మనిషిని మాత్రం బాగా పట్టుకున్నావు. హాలీవుడ్ గురించి తెలుగులో రాసేవాళ్లు చాలావరకు మార్లిన్ మన్రో దగ్గరే ఆగిపోతారు. బ్రూక్లిన్ యాసతో మాట్లాడే ఒక నడివయసు క్యారెక్టర్ ఆర్టిస్టు మీద నీ చూపు పడింది, సంతోషం.

ఇక తిట్లు. ‘ఆరుసార్లు ఓడిన అభాగ్యురాలు’ అన్న శీర్షిక కొట్టెయ్. రిట్టర్‌కి ఆస్కార్ రాలేదన్నది నిజమే, కానీ అసలు ఏదీ గెలవలేదన్నట్టు రాశావు. 1958లో ఆమెకు టోనీ వచ్చింది, అమెరికా రంగస్థలానికి ఇచ్చే పెద్ద బహుమతి అది. యూజీన్ ఓనీల్ నాటకం ఆధారంగా బ్రాడ్వేలో ఆడిన ‘న్యూ గర్ల్ ఇన్ టౌన్’ అనే మ్యూజికల్‌కి ఉత్తమ నటి బహుమతిని, అదే నాటకంలో నటించిన గ్వెన్ వెర్డన్‌తో కలిసి పంచుకుంది. అది కూడా సహాయ నటిగా కాదు, ప్రధాన విభాగంలో. అభాగ్యురాలన్న మాట అక్కడే కూలిపోయింది.

పదకొండు పేరాల్లో ఏడు ఆస్కార్‌కే పోశావు. ఆ లెక్కకి ఒక్క పేరా చాలు. సహాయ నటి నామినేషన్లు 1950 నుంచి 1953 దాకా వరుసగా నాలుగేళ్లు, ఆ తర్వాత 1959, 1962. సినిమాలు ‘ఆల్ ఎబౌట్ ఈవ్’, ‘ద మేటింగ్ సీజన్’, ‘విత్ ఎ సాంగ్ ఇన్ మై హార్ట్’, ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’, ‘పిల్లో టాక్’, ‘బర్డ్‌మన్ ఆఫ్ ఆల్కట్రాజ్’. ఇవి సినిమా వచ్చిన సంవత్సరాలు, బహుమతి సభ జరిగేది ఆ మరుసటి ఏడాది. నువ్వు ఒకచోట 1950 అనీ, మరోచోట అదే బహుమతికి 1951 అనీ రాశావు. చదివేవాడికి రెండు వేరువేరు నామినేషన్లనిపిస్తుంది. ఏదో ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా దానికే కట్టుబడు. మొదటిసారి ఎవరి చేతిలో ఓడిందో రాస్తే రాయి, జోసఫీన్ హల్, ‘హార్వే’కి. ఆ ఏడాది ‘ఆల్ ఎబౌట్ ఈవ్’ నుంచే సెలెస్ట్ హోమ్ కూడా అదే విభాగంలో ఉంది. ఓట్లు చీలడం వల్లే ఇద్దరూ ఓడారని మాత్రం తేల్చెయ్యకు. ఓట్ల లెక్క ఎవరూ బయటపెట్టలేదు.

అసలు లోపం ఇది కాదు. ఆరు నామినేషన్లూ ఏ వేషాలకు వచ్చాయో ఆ వేషాలనే కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టావు. ‘పనిమనిషి పాత్రలో జీవించింది’, ‘నర్సు పాత్రకు ప్రాణం పోసింది’, ‘తల్లి పాత్రలో ఒదిగిపోయింది’. మన సినిమా పేజీల్లో ఏళ్లుగా అరిగిపోయిన ఈ మూడు మాటలూ కొట్టేస్తే నీ వ్యాసంలో నటన గురించి ఇంకేమీ మిగలదు. హీరోయిన్ గురించి రాసేటప్పుడు ఆమె జీవితమే కథగా నడుస్తుంది కాబట్టి ఎలాగో గట్టెక్కుతాం. క్యారెక్టర్ ఆర్టిస్టుకి ఆ వెసులుబాటు లేదు. ఆ మనిషి సీన్‌లోకి వచ్చి ఏం పని చేసి వెళ్లిందో రాయాలి. అది రాయకపోతే మిగిలేది పేర్ల జాబితా.

అది పట్టుకోవడానికి సినిమా మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. రెండోసారి ఒక కాగితం మీద మూడు గడులు గీసుకో: ఆమె సీన్‌లోకి వచ్చిన నిమిషం, వెళ్లిన నిమిషం, ఆ మధ్యలో చేతులు ఏం చేస్తున్నాయి. మూడో గడే ముఖ్యం. రిట్టర్ దాదాపు ఎప్పుడూ ఏదో పని చేస్తూనే మాట్లాడుతుంది, ట్రే మోస్తూనో, ఒళ్లు మర్దనా చేస్తూనో. మూడోసారి శబ్దం పూర్తిగా తీసేసి ఆమె ఉన్న సీన్లు మాత్రం చూడు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె ఏం చేస్తోందో అప్పుడే కనబడుతుంది. శబ్దం ఉంటే మన కళ్లు మాట్లాడేవాళ్ల మీదకే పోతాయి. సబ్‌టైటిల్స్‌ని నమ్మి డైలాగు రాయకు. వేగంగా అనే మాటల్ని అవి కత్తిరిస్తాయి, ఈమె బలమంతా ఆ వేగంలోనే ఉంది.

‘రియర్ విండో’నే తీసుకో, 1954. నువ్వు ‘హాస్యం పండించే నర్సు’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. కాలు విరిగి చక్రాల కుర్చీలో ఉన్న జేమ్స్ స్టూవర్ట్ దగ్గరికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన నర్సు స్టెల్లా వస్తుంది. రాగానే కిటికీలోంచి పక్కిళ్లలోకి తొంగిచూస్తున్నందుకు నాలుగు వడ్డించి, అతని నోట్లో థర్మామీటర్ పెట్టేస్తుంది. ఇక అతను అట్టే మాట్లాడలేడు. స్టార్ నోరు మూతపడింది, సీన్ నర్సు చేతికొచ్చింది. ఆ సందులోనే 1929లో స్టాక్ మార్కెట్ కూలిపోతుందని తాను ముందే ఎలా పసిగట్టిందో చెబుతుంది. జనరల్ మోటర్స్ డైరెక్టర్ ఒకాయనకి అప్పట్లో సేవ చేసేదట. కిడ్నీ జబ్బని డాక్టర్లు అన్నారు, కాదు గాభరా అని ఈమె అంది. అంత పెద్ద కంపెనీ మనిషి రోజుకి పదిసార్లు బాత్రూంకి పరిగెడుతున్నాడంటే దేశమంతా జారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే అని ఆమె తీర్మానం. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ నవ్వు ఒక పని చేస్తోంది: ఈమె చిన్న సంగతి చూసి పెద్ద ప్రమాదం పసిగట్టగల మనిషని మనకి చెప్పేసింది. ఎదురింటివాడు పెళ్లాన్ని చంపాడన్న అనుమానాన్ని తర్వాత ఆమె కూడా నమ్మినప్పుడు మనమూ నమ్ముతాం. అంతేకాదు, స్టూవర్ట్ గుడ్లూ బేకనూ తినబోతుంటే, శవాన్ని ముక్కలు చెయ్యాలంటే స్నానాల తొట్టెలోనే చెయ్యాలి, నెత్తురు కడగడానికి అదే వీలు అని మామూలుగా అనేస్తుంది. అతని చెయ్యి ఆగిపోతుంది. ఈ రెండు సంగతులూ రాస్తే ‘హాస్యం పండించే’ అన్న మాట నీకే అనవసరమనిపిస్తుంది.

‘ఈవ్’లో ఆమె బర్డీ, మార్గో అనే రంగస్థల తార దగ్గర డ్రెస్సర్, అంటే దుస్తులు మార్చడం నుంచి మేకప్ గది చూసుకోవడం దాకా అన్నీ చేసే మనిషి. ఒకప్పుడు తనూ వాడెవిల్‌లో, అంటే పాటలూ జోకులూ కలిపి ఆడే పాతకాలపు స్టేజీ ప్రదర్శనల్లో, ఆడింది. నువ్వు ‘పనిమనిషి’ అని ఊరుకున్నందువల్ల ఈ పాత వృత్తి సంగతి పోయింది. సీన్ అంతా దాని మీదే నిలబడి ఉంది. ఈవ్ అనే అమ్మాయి మేకప్ గదిలో కూర్చుని యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న తన కష్టాలు చెబుతుంది. గదిలో అందరూ కరిగిపోతారు. అప్పుడు బర్డీ, ఏం కథ, వెనకాల తరిమే వేటకుక్కలు ఒక్కటే తక్కువ అంటుంది. పాత మెలోడ్రామా నాటకాల్లో అమాయకురాలిని కుక్కలు తరమడం రివాజు. అలాంటి స్టేజీల మీద బతికిన మనిషికి నాటకం నాటకంలాగే వినబడింది. మార్గో కసురుకుంటుంది, బర్డీ ఈవ్‌కి క్షమాపణ చెబుతుంది. నువ్వు ఆ క్షమాపణ వదిలేశావు. నిజం పట్టుకున్న ఒకే ఒక్క మనిషి చేత క్షమాపణ చెప్పించడం వల్లే ప్రేక్షకుడు కూడా ఈవ్‌ని నమ్మి ముందుకు పోతాడు. ఆ తర్వాత మార్గో పడక దగ్గరికి టిఫిన్ ట్రే తెచ్చిన సీన్ చూడు. ఈవ్ అంటే నీకు పడదు కదూ అని అడిగితే, జవాబు కావాలా, తగువు కావాలా అని ఎదురడుగుతుంది. ఆ పిల్ల నిన్ను పుస్తకం చదివినట్టు చదువుతోంది, నీ నడక, మాట, తిండి, నిద్ర అన్నీ నేర్చుకుంటోంది అని అప్పుడు చెబుతుంది. పార్టీ సీన్లు దాటాక బర్డీ కథలోంచి దాదాపు మాయమైపోతుంది. చాలామంది దీన్ని స్క్రిప్టు లోపమంటారు. నాకలా అనిపించదు. మార్గోకే కళ్లు తెరుచుకున్నాక హెచ్చరించే మనిషితో పని లేదు. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, కానీ ఏదో ఒక పక్షం తీసుకుని రాయి.

వ్యాసానికి నడుమ నిలబెట్టాల్సింది మాత్రం 1953 నాటి ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’. నువ్వు దానికి రెండు వాక్యాలిచ్చావు. కనీసం మూడువందల పదాలివ్వు. శామ్యూల్ ఫుల్లర్ సినిమా. మో విలియమ్స్ న్యూయార్క్‌లో మెడకి కట్టుకునే టైలు అమ్ముకుంటూ, పక్కన పోలీసులకి కబుర్లు అమ్మే ముసలావిడ. జేబు కొట్టిన పద్ధతి చెబితే చాలు, అది ఎవరి చేతివాటమో చెప్పేస్తుంది. ధర దగ్గర బేరమాడుతుంది, ఖర్చులు పెరిగాయంటుంది. ఆ డబ్బంతా ఒక్కదానికే: దిక్కులేని వాళ్లని పూడ్చే చోట కాకుండా మంచి శ్మశానంలో జాగా, పేరు చెక్కిన రాయి. ఆమె పట్టించిన జేబుదొంగ కూడా ఆమె మీద కోపం పెట్టుకోడు, ఆవిడా తినాలి కదా అనుకుంటాడు. అలాంటిది చివర్లో కమ్యూనిస్టు గూఢచారి డబ్బు ఎరచూపి అదే దొంగ చిరునామా అడిగితే ఇవ్వదు. ఒంట్లో ఓపిక లేదు, గ్రామఫోన్ తిరుగుతోంది, అలసిపోయానంటూ చావుని దాదాపు అడిగి తెచ్చుకున్నట్టు మాట్లాడుతుంది. అక్కడ గొంతు ఎంత నెమ్మదిస్తుందో విను. వేగానికి పేరుబడిన నటి వేగాన్ని వదిలేసిన చోటు అది. కెమెరా ఆమెని వదిలి గ్రామఫోన్ వైపు జరుగుతుంది, తుపాకి చప్పుడు వినబడుతుంది. ఆ తర్వాత ఆ జేబుదొంగే అనాథ శవాల్ని తీసుకుపోయే పడవ దగ్గరికి వెళ్లి ఆమె పెట్టెని విడిపించుకొస్తాడు. దీన్ని ‘హృదయవిదారకం’ అన్నావు. ఆ మాట తీసేసి జరిగింది జరిగినట్టు రాయి.

జీవితం విషయంలో నీకు దొర్లిన తప్పులు చెబుతాను. పుట్టిన సంవత్సరం నువ్వు 1905 అన్నావు. పాత పుస్తకాల్లో అలాగే ఉంటుంది, 1902 ఫిబ్రవరి 14 అని రాయి. చనిపోయింది 1969 ఫిబ్రవరి 5న, అరవై ఏడు నిండడానికి తొమ్మిది రోజుల ముందు. ఈ మూడేళ్ల తేడా వల్ల లెక్కలన్నీ మారతాయి. ‘బర్డ్‌మన్’లో బర్ట్ లంకాస్టర్‌కి తల్లిగా వేసింది. అతను 1913లో పుట్టాడు, అంటే కొడుకు కన్నా తల్లి పదకొండేళ్లే పెద్ద. క్యారెక్టర్ నటి బతుకు గురించి ఈ ఒక్క అంకె చెప్పేది నీ పేరా మొత్తం చెప్పలేదు. పైగా కొడుకుని ఉరి నుంచి కాపాడటానికి అధ్యక్షుడి భార్య దాకా వెళ్లి, తర్వాత అదే కొడుకు మీద ఎదురు తిరిగిన తల్లి వేషం. అందులో జోకు అన్నది లేదు.

తొలి సినిమా 1947 నాటి ‘మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్’. మేసీస్ దుకాణంలో, కొడుకు అడిగిన బొమ్మ దొరక్క సాంటాక్లాజ్‌ని నిలదీసే తల్లి. టైటిల్స్‌లో ఆమె పేరే లేదు. నువ్వు ‘పరిచయం చేశారు’ అని రాశావు, పేరు వెయ్యని వేషానికి ఆ మాట నప్పదు. 1949లో ‘ఎ లెటర్ టు త్రీ వైవ్స్’లోనూ అంతే. ఆ దర్శకుడు జోసఫ్ మాంకివిక్జే మరుసటేడు బర్డీ వేషం ఇచ్చాడు. అంతకుముందు నటనలో శిక్షణ, రంగస్థలం, పిల్లల కోసం ఆగిన ఏళ్లు, రేడియో, ఇదంతా నాలుగు వాక్యాల్లో ముగించు. మలుపు కోసం వెతకొద్దు, అక్కడ మలుపేమీ లేదు.

నీకు దొరకని సంగతి ఒకటి చేర్చు. 1955లో ‘ద కేటర్డ్ అఫెయిర్’ అనే టీవీ నాటకంలో రిట్టర్‌ది ప్రధాన వేషం, కూతురి పెళ్లి ఘనంగా చెయ్యాలని తాపత్రయపడే పేదింటి తల్లి. మరుసటేడు అదే సినిమాగా తీస్తే ఆ వేషం బెట్టీ డేవిస్‌కి వెళ్లింది. ‘ఈవ్’లో మార్గోగా చేసింది ఆ డేవిసే. ఆస్కార్ ఓటముల కన్నా ఈ పరిశ్రమ ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతుందో చెప్పేది ఇదే. ‘మేటింగ్ సీజన్’ కూడా అంతే. కొడుకింట్లో వంటమనిషిగా చేరే అత్తగారి చుట్టూ కథంతా తిరుగుతుంది, నామినేషన్ మాత్రం సహాయ నటిగా.

‘హాలీవుడ్ సూర్యకాంతం’ అన్న ఉపశీర్షిక చూసి తల పట్టుకున్నాను. సూర్యకాంతం గయ్యాళి అత్త ఇంట్లో తగువు పుట్టిస్తుంది, కథ ఆమె వల్ల నడుస్తుంది. ‘గుండమ్మ కథ’కి పేరే ఆమె వేషానిది. రిట్టర్ వేషం తగువు పుట్టించదు, ఎదురుగా ఉన్న అబద్ధాన్ని ముందు తను కనిపెడుతుంది. పోలిక పెడితే తేడా చెప్పడానికి పెట్టు, లేదా మానెయ్. అలాగే ఆమె డైలాగుల్ని ఏదో ఒక జిల్లా యాసలోకి దించావు. మన సినిమాల్లో పనివాళ్ల నోట ఒక ప్రాంతపు యాస పెట్టి నవ్వించిన అలవాటు అది. తిన్నని వాడుక భాషలో పొట్టి వాక్యాలుగా రాయి, యాస ఉందని ఒకచోట చెప్పు చాలు.

ఆమె అన్నదంటూ తిరిగే చమత్కారాలు నాలుగు దించావు. ఎప్పుడు, ఏ పత్రికతో అన్నదో చూపగలిగినవి ఉంచు, మిగతావి తీసెయ్. 1955 ఆస్కార్ సభలో బాబ్ హోప్ హాలీవుడ్ నుంచి, ఈమె న్యూయార్క్ నుంచి వ్యాఖ్యాతలుగా చేశారన్నది ఖాయమైన సంగతి, ఆ ఖాళీలో అది పెట్టుకో.

పద్దెనిమిదివందల పదాలకి మించనివ్వకు. సగం పైగా ఆ మూడు సినిమాల సీన్లకే పోవాలి. రెండో ప్రతితో పాటు ఆ మూడు గడుల కాగితాలు కూడా పంపు, ‘పికప్’ది ముందు చూస్తాను.