బండ మీద ఫైకస్: వేర్లు పట్టడానికి, ఊడలు దిగడానికి ఏం చేయాలి?

ప్రశ్న: మాది హయత్‌నగర్ దగ్గర అర ఎకరం నర్సరీ. పూల మొక్కలతో పాటు ఈ మధ్య బోన్సాయ్ కూడా మొదలుపెట్టాను. పోయిన జూలైలో లాంగ్ ఐలాండ్ రకం ఫైకస్ (మర్రి, రావి జాతి) మొక్కలు 30 తీసుకుని, గ్రానైట్ రాళ్ల మీద కూర్చోబెట్టి, బైండింగ్ వైరుతో కట్టి, వెడల్పాటి ట్రేలలో పెట్టాను. సగం మొక్కల వేర్లు రాయిని పట్టుకోకుండా పైకి లేచి ఎండిపోతున్నాయి. వానాకాలంలో కొమ్మల నుంచి ఎర్రటి ఊడలు వచ్చాయి కానీ దసరా దాటాక కొసలు నల్లబడి మాడిపోయాయి. పోసేది బోరు నీళ్లే. రాయి మార్చాలా, మొక్క మార్చాలా? మర్రి అయితే సులువని ఒకరు చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది సార్.
– ఒక నర్సరీ రైతు, హయత్‌నగర్

జవాబు: రాయీ మార్చక్కర్లేదు, మొక్కా మార్చక్కర్లేదు. మార్చాల్సింది పని వరస. వేరు బలిశాక చివర్లో కనిపించాల్సిన రాయిని మీరు మొదటి రోజే బయట పెట్టేశారు.

తాడుతోనో వైరుతోనో కడితే వేరు రాయిని పట్టుకోదు. కట్టు దాన్ని కదలకుండా ఉంచుతుంది, అంతే. సన్నటి వేరు చీకట్లో, తేమలో రాతి గాడి వెంట పాకాలి. తర్వాత అక్కడే లావెక్కి ఆ గాడిని నింపాలి. అప్పుడే పట్టు. గోల్కొండ లాంటి పాత కోట గోడల మీద మర్రి, రావి మొలిచి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ వేర్లు ఇప్పుడు బోడిగా, ఎండలో కనిపిస్తాయి కానీ మొదట్లో అవి గోడ పగుళ్లలో దాగి, సున్నం, దుమ్ము, తేమ ఉన్నచోట పెరిగినవే. ట్రేలో రాయి ఎండకు కాలుతుంటే దాని మీది లేత వేరు మొదటి వారంలోనే ఎండిపోతుంది.

ఇప్పుడు ఎండలు ముదిరే ముందు మొక్కల్ని పీకి మళ్లీ నాటొద్దు. 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) కిందికి మార్చి, రాయి చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, అది ఆరకుండా చూసుకుంటూ మే నెల గట్టెక్కించండి. వైరు మాత్రం ఇప్పుడే తీసేయండి. లాగితే బెరడు ఊడొస్తుంది కాబట్టి కట్టర్‌తో ముక్కలుగా తుంచండి.

జూన్ రెండో సగంలో, నాలుగు వానలు పడి గాలి చల్లబడ్డాక అసలు పని మొదలుపెట్టండి. ఒక్కో మొక్కను రాయితో సహా తీసి, చచ్చిన వేర్లు కత్తిరించి, బతికున్న వాటిలో బలమైనవి అయిదారు ఏరి గాడుల్లో సర్దండి. ఒకదాని మీద ఒకటి పడకుండా చూడండి. ఫైకస్ వేర్లు ఒకదానికొకటి తగిలితే కాలక్రమంలో అతుక్కుపోతాయి. ఒకటి రెండు చోట్ల అది అందమే గానీ అంతటా అతుక్కుంటే ముద్దయిపోతుంది. తర్వాత పాలిథిన్ గ్రాఫ్టింగ్ టేపుతో (అంట్లు కట్టే టేపు) పైనుంచి కింది దాకా బిగుతుగా చుట్టండి. అడుగున మాత్రం వదిలేయాలి, వేర్ల కొసలు మట్టిలోకి దిగాలి. పురికొస, నూలు తాడు తడి మట్టిలో త్వరగా చివికిపోతాయి, వేరు కుదురుకునే లోపే కట్టు వదులవుతుంది.

ఇలా చుట్టిన రాయిని మొత్తంగా పూడ్చేయాలి. రాయి 20 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే కనీసం 30 సెంటీమీటర్ల లోతున్న కుండీ కావాలి. అడుగున రంధ్రాలు పెట్టిన 20 లీటర్ల పాత పెయింట్ బకెట్ చాలా బాగా పనికొస్తుంది. జల్లించిన ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలపండి. నల్లరేగడి వద్దు, నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. ఏడెనిమిది నెలలకు పక్కనుంచి కొంచెం తవ్వి టేపు బిగిసి వేరులోకి దిగబడుతోందేమో చూసి, అవసరమైతే కోసి వదులు చేయండి.

మొదటి ఏడాది రాయి కనిపించకూడదు. రెండో వానాకాలం వచ్చాక మూడు వారాలకోసారి పైనుంచి రెండు సెంటీమీటర్ల మట్టి మాత్రమే తీయండి. బయటపడ్డ వేరు మీద బెరడు గోధుమరంగుకు తిరిగి గట్టిపడ్డాకే కింది పొరకు వెళ్లండి. ఇది రెండేళ్ల పని. ఏడాదిలో అమ్మాలని తొందరపడితే వేరు పుల్లల్లా ఉండిపోతుంది, కొన్నవారి ఇంట్లో నాలుగు నెలలకే రాయి ఒకవైపు, మొక్క ఒకవైపు అవుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండేళ్లూ కత్తెర పక్కన పెట్టండి. బోన్సాయ్ అనగానే చాలామంది పైన చిగుళ్లు తుంచడంతో మొదలుపెడతారు. వేరు లావు కావడానికి కావాల్సిన ఆహారం తయారయ్యేది ఆకుల్లోనే. పైన గుబురు ఎంత ఉంటే కింద వేరు అంత బలుస్తుంది. మొక్క మూడు నాలుగడుగులు పెరిగి వికారంగా కనిపించినా పెరగనివ్వండి. ఫైకస్‌కు తర్వాత ఎంత పొట్టిగా కత్తిరించినా మళ్లీ చిగురు వేసే గుణం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 15 రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పోయండి.

కొత్తగా మరికొన్ని చేయాలనుకుంటే, పొట్టి కవర్లలో వేర్లు చుట్టలు చుట్టుకున్న మొక్కలు తీసుకోవద్దు. చిన్న కొమ్మ అంట్లను 40 సెంటీమీటర్ల పొడవు పైపు ముక్కల్లో ఏడాది పెంచితే రాయి దాటి కిందికి దిగేంత పొడవు వేర్లు వస్తాయి. అడుగున దుంపల్లా ఊరి ఉండే జిన్‌సెంగ్ ఫైకస్ ఈ పనికి కుదరదు. రాయి గరుకుగా, లోతైన గాడులతో ఉండాలి. మన చుట్టుపక్కల దొరికే గ్రానైట్ గట్టిది, తడికి కరగదు. మిషన్ మీద కోసిన నునుపు ముక్కలు మాత్రం వద్దు.

ఇక ఊడల సంగతి. వానాకాలంలో వచ్చాయంటే మీ మొక్కలకు ఆ శక్తి ఉంది. అక్టోబరులో రుతుపవనాలు వెనుదిరగ్గానే మన దగ్గర గాలిలో తేమ తగ్గిపోతుంది. ఊడ కొస మట్టిని తాకేదాకా దానికి పీల్చుకోవడానికి గాలిలో తేమే దిక్కు, అందుకే మాడిపోయాయి. కాబట్టి దసరాలోపు ఊడను మట్టికి చేర్చాలి, మన ప్రయత్నమంతా అందుకే.

జూలైలో బాగా గుబురుగా ఉన్న మొక్కల్ని దగ్గరదగ్గరగా చేర్చి, కింద తడి ఇసుక పరిచి, చుట్టూ పారదర్శక పాలిథిన్‌తో చిన్న పందిరి వేయండి. అది షేడ్ నెట్ కిందే ఉండాలి. నేరుగా ఎండ పడితే లోపల మొక్క ఉడికిపోతుంది. ఉదయం, సాయంత్రం సన్నటి తుంపరగా నీళ్లు చల్లండి. కొన్ని వారాల్లో కొమ్మల అడుగున మొటిమల్లా లేచి, ఊడలు బయటికొస్తాయి. లేత కొసను చేత్తో ముట్టుకోవద్దు, నలిగితే అక్కడితో ఆగిపోతుంది.

ఊడ రెండంగుళాలు కాగానే ఒక ప్లాస్టిక్ స్ట్రాను నిలువునా చీల్చి, తడిపిన స్పాగ్నమ్ మాస్ (ఎండబెట్టిన నాచు) గానీ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) గానీ నింపి, ఊడ చుట్టూ తొడిగి, కింది చివరను మట్టిలో గుచ్చండి. స్ట్రా లోపల ఆరనివ్వకండి. ఊడ మట్టిలో దిగాక ఒక సీజన్ ఆగి, బెరడు కట్టాక స్ట్రా తీసేయండి.

మట్టిని తాకిన ఊడ తీరే మారిపోతుంది. ఫైకస్ బెంజమినా మీద చేసిన పరిశోధనలో, నేలలో నాటుకున్న ఊడలో ప్రత్యేకమైన కట్టె ఏర్పడి అది కొద్దిగా పొట్టిబడి బిగుసుకుంటుందని తేలింది. అందుకే వంకరగా దిగిన ఊడ కూడా తర్వాత తీగ లాగినట్టు నిటారుగా అవుతుంది. సన్నటి కొమ్మ చివర ఊడ దిగితే ఆ కొమ్మను కిందికి గుంజుతుంది కూడా. కాబట్టి మానుకు దగ్గరగా, లావు కొమ్మల మీద వచ్చినవి మూడు నాలుగే ఉంచి మిగతావి తీసేయండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వెళితే అసలు మాను ఏదో, ఊడ ఏదో పోల్చుకోలేం. మట్టి అందిన ఊడ అంత లావవుతుంది, చిన్న బోన్సాయ్‌లో అన్నిటినీ ఉంచేస్తే కొమ్మల అందం పోతుంది.

ఊడ కావాల్సిన చోట రాకపోతే అంటు కట్టొచ్చు. అదే మొక్క నుంచి తీసి వేరు పట్టించిన సన్న కొమ్మను, పెద్ద కొమ్మ అడుగున చిన్న గాడి చెక్కి, రెండు బెరళ్లూ ఆనేలా కట్టండి. వానాకాలంలో రెండు మూడు నెలల్లో అతుక్కుంటుంది. తర్వాత ఆ సన్న కొమ్మలో అతుకుకు పైభాగం కోసేస్తే కింది భాగం ఊడలా నిలుస్తుంది. కోసినప్పుడు కారే పాలు చర్మానికి దురద పెడతాయి, గ్లవ్స్ వేసుకోండి.

మర్రి గురించి: ఊడలు తేలిగ్గా వస్తాయి, నిజమే. కానీ ఆకు పెద్దది, చిన్న రాయి మీద నప్పదు. రెండడుగులు దాటిన పెద్ద బోన్సాయ్‌కి అయితే మర్రిని మించింది లేదు. రావికి ఊడలు అంతగా రావు. మీ రాళ్ల పరిమాణానికి ఇప్పుడున్న రకమే సరైనది.

బోరు నీటిలో లవణాలు ఎక్కువైతే రాయి మీద తెల్లటి పొర కట్టి, ఆకు అంచులు మాడతాయి. తుంపరకైనా వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు అసలు వాడొద్దు, వాటిలో లవణాలు మరీ ఎక్కువ. ఆకులు మడత పడి లోపల నల్లటి సన్న పురుగులు కనిపిస్తే అవి తామర పురుగులు. ఆ ఆకులు కోసి కాల్చేసి, 1500 పీపీఎం గాఢత ఉన్న వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేయండి. పాలిథిన్ పందిరి వేసే ముందు ఒకసారి ఆకులు తిప్పి చూడటం మరవకండి, లోపలికి చేరితే అన్ని మొక్కలకూ పాకుతాయి. జూన్‌లో మొక్కలు తీసినప్పుడు వేర్లు నల్లగా, మెత్తగా, వాసన వేస్తూ ఉంటే వాటిని పూడ్చకుండా పక్కన పెట్టి, ఫొటోలు పంపండి. వాటికి చికిత్స వేరే ఉంటుంది.